కరెంటు ఎనభై శాతం

మంత్రిగారు మాట్లాడుతుండగా మా మున్సిపల్ కమిషనరు గారి ఫోను ఆరిపోయింది. మంత్రిగారు "నువ్వు" అన్నంతవరకు వినిపించిందట. ఆ తర్వాత మెచ్చుకున్నారో, తిట్టారో ఆయనకు ఇప్పటికీ తెలియదు. తిరిగి ఫోన్ చేసి "సార్, నేను ఏమిటి?" అని అడిగే ధైర్యం ఏ కమిషనరుకు ఉంటుంది?

ఆ ఆదివారమంతా ఆయన ఫోన్ బ్యాటరీల మీద దొరికినదల్లా చదివారు. పూర్తిగా నింపినా, పూర్తిగా ఖాళీ చేసినా బ్యాటరీ తొందరగా ముసలిదవుతుందని, ఇరవైకీ ఎనభైకీ మధ్య ఉంచితే ఎక్కువకాలం మన్నుతుందని తెలుసుకున్నారు. ఇది నిజమే. చెడ్డ సంగతుల వల్ల ఏ ఆఫీసూ పాడవగా నేను చూడలేదు. మంచి సంగతి ఏదైనా పై అధికారి చెవిన పడినప్పుడే జాగ్రత్తగా ఉండాలి.

సోమవారం పదిన్నరకు సర్క్యులరు వచ్చింది.

"విషయము: దీర్ఘాయుష్షు – కరెంటు – సూచనలు. ఇందుమూలముగా సమస్త సెక్షన్ల వారికి తెలియజేయడమేమనగా, పూర్తిగా నింపుటయు, పూర్తిగా ఖాళీ చేయుటయు ఆయుష్షును హరించునని శాస్త్రీయముగా నిరూపితమైనందున, ఇకమీదట ఈ కార్యాలయమునందు కరెంటును ఇరవై శాతమునకు తగ్గనీయరాదు. ఎనభై శాతమునకు మించనీయరాదు. ఎనభై చేరిన తక్షణము నిలిపివేయవలెను. ఉల్లంఘించిన వారిపై శాఖాపరమైన చర్యలు గైకొనబడును."

ఇక్కడ మా ఆఫీసు భాష కొంచెం చెప్పాలి. జనం మాకిచ్చే ప్రతి అర్జీని మేము కరెంటు అంటాం. దానికి వేసే నంబరు కరెంటు నంబరు. అది ఉండే కట్ట కరెంటు ఫైలు. ఆ పేరు ఎందుకు వచ్చిందో నాకు ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పలేదు. ముట్టుకోవడానికి అందరూ భయపడతారు కనుక వచ్చి ఉంటుందని నా ఊహ.

మా సూపరింటెండెంటు జోగారావు గారికి కరెంటంటే ఆ ఒక్క అర్థమే. ఇంట్లో బల్బు వెలగకపోతే ఆయన "లైను పోయింది" అంటాడు తప్ప ఇంకో మాట అనడు. ఆయన సర్క్యులరును రెండు చేతులతో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"చూశారా ముక్తేశ్వరరావు గారూ, ఎంత లోతైన మనిషండీ! మనం ఇన్నాళ్ళూ అర్జీలన్నీ తేల్చేసి మూలపడేసేవాళ్ళం. పాపం, వాటి ఆయుష్షు గురించి ఒక్కరైనా ఆలోచించామా?"

"జోగారావు గారూ, ఇది ఫోన్ల సంగతేమోనండి" అన్నాను.

"ఫోను అన్న మాట ఎక్కడుందో చూపించండి."

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఎక్కడా లేదు.

"కాగితం మీద లేనిది మనం ఊహించకూడదండీ. ఊహించడం పైవాళ్ళ పని" అన్నాడు ఆయన.

అర్జీలో ఎనభై శాతం ఎక్కడ వస్తుందన్న ప్రశ్నకు మధ్యాహ్నానికల్లా జవాబు కనిపెట్టాడు. మా దగ్గర అర్జీకి ఐదు మెట్లు. నమోదు, విచారణ, నివేదిక, సిఫార్సు, ఉత్తర్వు. మెట్టుకు ఇరవై. కాబట్టి ప్రతి అర్జీనీ సిఫార్సు దాకా నడిపించి, ఉత్తర్వు ముందు ఆపేయాలి.

ఇందులో ఒక మేలు కూడా జరిగింది, చెప్పకపోతే తప్పవుతుంది. ఇరవైకి తగ్గకూడదు కనుక, ఇచ్చిన అర్జీకి ఇచ్చిన రోజునే నంబరు పడసాగింది. అంతకుముందు నంబరు కోసమే జనం నెల రోజులు తిరిగేవారు. ఇప్పుడు నవ్వుతూ నంబరు తీసుకుని వెళ్ళి, ఆ తర్వాత తిరిగేవారు.

రెండు రోజులకు రెండో సర్క్యులరు వచ్చింది. సిబ్బంది ఫోన్లన్నీ పని వేళల్లో ఒకేచోట ఉంచి, పావుగంటకొకసారి శాతం చూసి, ఎనభై చేరగానే తీగ పీకి, ఇరవైకి రాగానే తీగ పెట్టాలి.

"చూశారా?" అన్నాడు జోగారావు గారు గెలిచినట్టుగా. "ఫోన్ల సంగతి వేరే సర్క్యులరులో వచ్చింది. అంటే మొదటిది కరెంట్ల సంగతేగా?"

నేను కళ్ళజోడు తీసి డబ్బాలో పెట్టేసుకున్నాను.

ఫోన్ల కోసం పెరట్లో బ్లీచింగ్ పౌడరు మూటలు వేసే రేకుల షెడ్డు ఖాళీ చేయించారు. గుమ్మం మీద "దీర్ఘాయుష్షు గది" అని బోర్డు కట్టారు. లోపల బల్లల మీద పళ్ళేలు, పళ్ళేల్లో ఫోన్లు వరసగా. ఆదర్శంగా ఉండాలని కమిషనరు గారు తన ఫోనును కూడా మొదటి పళ్ళెంలో మొదటి చోట పెట్టారు. అటెండరు నూకరాజు తలకు తడి తువ్వాలు చుట్టుకుని శాతాలు చూసి పుస్తకంలో రాసేవాడు. మే నెల. పైన రేకు.

నా ఫోను నాది కాదు, నా భార్య హైమావతిది. ఆమె పోయి మూడేళ్ళయింది. నా ఫోను పగిలినప్పుడు ఆమెది తీసి వాడడం మొదలుపెట్టాను. అందులో ఆమె నా కోసం పెట్టిన అలారాలు ఉన్నాయి. ప్రతి అలారానికీ ఒక మాట రాసింది. పదకొండున్నరకు "లేచి రెండడుగులు వేయండి." ఒంటిగంటా పావుకు "డబ్బా అడుగున పచ్చడి ఉంది, చూడండి." ఐదింటికి "ఇంక చాలు. లేవండి." ఇప్పుడు డబ్బా నేనే కట్టుకుంటాను కనుక అడుగున పచ్చడి ఉండదు. అయినా చూస్తాను.

ఏడాది కిందట ఆ ఫోను పూట కూడా నిలవకుండా అయిపోతే, బస్టాండు మెట్ల కింద ఫోన్లు బాగుచేసే దేవమణి దగ్గరికి తీసుకెళ్ళాను. బ్యాటరీ మారిస్తే అందులోని అలారాలు పోతాయేమోనని నా భయం.

"గ్యాసు బండ మారిస్తే వంట మర్చిపోతామా సార్?" అంది దేవమణి. ఒక్క అక్షరం పోకుండా మార్చి ఇచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి ఆమెకు. భర్త చేపల వేటకు పోయి రాలేదు. ఆ మెట్ల కింద నాలుగడుగుల చోటు, ఒక భూతద్దం, ఒక స్క్రూడ్రైవరు, అదే ఆమె ఇల్లు నడిచే దారి.

ఆ మెట్లను జూన్ ఒకటో తేదీన పడగొడుతున్నాం. అంటే మా ఆఫీసే పడగొడుతోంది. ఆ సంగతి తెలిసి దేవమణి పాత మార్కెట్టు గోడ పక్కన బడ్డీ పెట్టుకోవడానికి మాకే అర్జీ ఇచ్చింది. కరెంటు నంబరు నాలుగు వందల పదిహేడు. నా సెక్షనే. మే పన్నెండుకల్లా సిఫార్సు దాకా వచ్చేసింది. మే ముప్పై ఒకటిలోగా ఉత్తర్వు చేతికి రాకపోతే ఆమె ఆ మర్నాటి నుంచి రోడ్డు మీద నిలబడాలి.

ఒకరోజు ఆమె కౌంటరు దగ్గరికి వచ్చి జోగారావు గారిని అడగడం నా చెవిన పడింది.

"నా కాయితం ఏమయిందండీ?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ఎనభై శాతం అయింది."

"మిగతా ఇరవై ఎప్పుడవుద్దండి?"

"అవకూడదు. అయితే ఫైలు ఆయుష్షు తగ్గిపోతుంది."

"ఫైలు ఆయుష్షు నాకెందుకండీ? నాకు గోడ పక్కన నాలుగడుగులు చాలు."

"అర్థం చేసుకోవాలమ్మా. ఉత్తర్వు ఇచ్చేశామనుకో, ఫైలు మూసేస్తాం. మూసేసి రికార్డు గదిలో పడేస్తాం. ఎలకలు తింటాయి. అదేగా చావంటే? ఇప్పుడు చూడు నీ ఫైలు, నిక్షేపంలా బతికుంది."

"ఫైలు బతికుంటే నేను బతికున్నట్టేనేటండీ?"

"అది వేరే సెక్షను" అన్నాడు జోగారావు గారు. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు. బతికి ఉన్నవాళ్ళ సంగతి మా దగ్గర జనన మరణాల సెక్షను చూస్తుంది.

దేవమణి నా వైపు చూసింది. నేను బల్ల మీద కాగితాలు సర్దుకున్నాను. ముప్పై మూడేళ్ళలో ఆ సర్దడం బాగా అలవాటయింది.

నెలవారీ సమావేశంలో కమిషనరు గారికి అసలు సంగతి తెలిసింది. జోగారావు గారు నివేదిక చదివాడు.

"కరెంట్లు మొత్తం ఎనిమిది వందల పన్నెండు. అన్నింటినీ ఎనభై వద్ద నిలిపివేశామని సవినయంగా మనవి చేస్తున్నాను."

"ఎనిమిది వందల ఫోన్లు ఎక్కడివయ్యా మనకి?" అన్నారు కమిషనరు గారు.

"ఫోన్లు కావండీ. అర్జీలు."

కమిషనరు గారి ముఖం మొదట తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే నూకరాజు తపాలా తెచ్చి ముందు పెట్టాడు. రాజధాని నుంచి ప్రశంసాపత్రం. రాష్ట్రంలో మరే పట్టణంలోనూ అర్జీల సగటు పురోగతి నలభై ఐదు శాతం దాటలేదట, మా ఆఫీసు పంపిన లెక్కల ప్రకారం మా పట్టణం ఎనభైతో ప్రథమ స్థానంలో ఉందట. ఈ విధానాన్ని ఇతరులకు బోధించవలసిందిగా కోరారు.

కమిషనరు గారు దాన్ని రెండుసార్లు చదివారు. తెరిచిన నోటిని మరో పనికి వాడుకున్నారు.

"మిత్రులారా, ఫోనుకు వర్తించేది పరిపాలనకు ఎందుకు వర్తించకూడదన్న దూరదృష్టితోనే నేను ఆనాడు కరెంటు అన్న పదాన్ని ఎంచుకోవడం జరిగింది. పూర్తి కావడమనేది ఒక రకమైన అలసట. సంపూర్ణత్వం అనేది ఒక ఒత్తిడి. లిథియం అణువు మనకు ఏం బోధిస్తోంది?"

లిథియం అణువు గంటన్నర బోధించింది. కిటికీ అవతల ఎండ వంగింది. నూకరాజు ప్రదర్శన కోసం ఫోన్ల పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఆయన వాటిలో ఒకటి చేతిలోకి తీసుకున్నారు, నాది. అప్పుడే అది మోగింది. ఆయన తెర మీది మాటలు పైకి చదివారు.

"ఇంక చాలు. లేవండి."

ముప్పై మందిమీ లేచాం. కమిషనరు గారి నోటి వెంట వచ్చిన ఆజ్ఞ కనుక ఎవరూ ఆలోచించలేదు. వరసగా నమస్కారాలు పెట్టి బయటికి వచ్చేశాం. వరండాలో అందరూ ఆయన దయను మెచ్చుకున్నారు. హైమకు దక్కవలసిన మెప్పు అది. నేను లోపలికి తిరిగి వెళ్ళి ఫోను తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆ మర్నాటి నుంచి దాన్ని షెడ్డులో పెట్టలేదు. జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తుంటే కళ్ళజోడు డబ్బా అని చెప్పాను.

మే ఇరవై ఎనిమిదిన కమిషనరు గారి ఫోను పూరీలా పొంగింది. వెనక మూత లేచి నిలబడింది. ఆ పళ్ళెంలోనే మరో ఆరు ఫోన్లూ అలాగే ఉబ్బాయి. ఏ ఒక్కటీ ఎనభై దాటినట్టు నూకరాజు పుస్తకంలో లేదు. ఆ శనివారం పదకొండింటికి మంత్రిగారు మళ్ళీ ఫోన్ చేస్తారని వర్తమానం వచ్చి ఉంది. ఊళ్ళో వాటిని బాగుచేయగలిగింది దేవమణి ఒక్కతే, ఆమెను పిలిపించారు.

ఆమె షెడ్డులోకి వెళ్ళి, ఒక్క నిమిషంలో చెమట కక్కుకుంటూ బయటికి వచ్చింది.

"ఇక్కడ పెట్టమని ఎవరు చెప్పారండీ?"

"మేము ఎనభై దాటనివ్వలేదు" అన్నారు కమిషనరు గారు కొంచెం కోపంగా. "నియమం తు.చ. తప్పకుండా పాటించాం."

"ఎనభై మంచిదేనండి. కాదనను. కానీ దానికి ఎండంటే పడదండి. ఈ రేకు కింద ఉడకబెట్టి ఎనభై దగ్గర ఆపితే ఏం లాభం? రోజూ నూరు పెట్టుకుని నీడన ఉంచుకున్నా ఇంతకన్నా బాగుండేవి."

"మరి వాడకుండా బీరువాలో దాచిపెడితే?" అని అడిగాడు జోగారావు గారు, కొత్త సర్క్యులరు వాసన పట్టినవాడిలా.

"వాడినా ముసలిదవుద్దండి, వాడకపోయినా ముసలిదవుద్దండి. ఎలాగూ అయ్యేదే కదా, నాలుగు మాటలు మాట్లాడుకుని అవడం నయం."

ఆ మాట నాకు చాలాసేపు వినిపించింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు నాలుగు వందల పదిహేడు ఫైలు తీసి ఒక చిన్న పని చేశాను.

శుక్రవారం, అంటే మే ముప్పైన, నాలుగింటికి దేవమణి ఆరు ఫోన్లు బాగుచేసి తెచ్చింది. ఏడోది కమిషనరు గారిది. కొత్త బ్యాటరీ వేసి ఉంది. తెర వెలుగుతోంది. వెనక మూత మాత్రం విడిగా ఉంది. నాలుగు స్క్రూలు ఒక కాగితం పొట్లంలో ఉన్నాయి.

"మూత బిగించలేదేమిటమ్మా?" అన్నారు కమిషనరు గారు.

"ఎనభై శాతం అయిందండి."

కమిషనరు గారు మూతను తిరగేసి చూశారు.

"పూర్తిగా చేస్తే ఆయుష్షు తగ్గుద్దని మీ ఆఫీసులోనే చెప్పారండి. నాకేం తెలుసు, చదువుకున్నోళ్ళు చెప్పారు కదాని ఆపేశాను."

"కరెక్టేనండి, సర్క్యులరు ప్రకారమే చేసింది" అన్నాడు జోగారావు గారు వెనక నుంచి, సంతోషంగా. కమిషనరు గారు ఆయన వైపు చూసిన చూపుకు మరో మనిషైతే బదిలీ పెట్టుకునేవాడు.

"అమ్మాయ్, రేపు మంత్రిగారు ఫోన్ చేస్తారు."

"రేపు మా మెట్ల కింద ఆఖరి రోజండి" అంది దేవమణి. గొంతులో వేళాకోళం లేదు.

నేను లేచాను. నాలుగు వందల పదిహేడు ఫైలును ఆయన ముందు పెట్టి ఉత్తర్వు కాగితం దగ్గర తెరిచాను.

"ఇది సంతకం పెడితే నూరవుతుందయ్యా" అన్నారు కమిషనరు గారు నీరసంగా. "రాజధానిలో మన విధానాన్ని పాఠం చెప్పమన్నారు. నేనే తప్పితే ఎలా?"

"అవదండి. అర్జీకి మెట్లు ఐదు చాలవనిపించి ఏడు చేశాను. ఆరోది, అర్జీదారు సంతోషంగా ఉన్నారా లేదా అని విచారించడం. ఏడోది, ఆ విచారణ సరిగ్గా జరిగిందా అని విచారించడం. ఉత్తర్వు ఐదో మెట్టే కనుక..."

జోగారావు గారు అప్పటికే క్యాలిక్యులేటరు నొక్కుతున్నాడు. "డెబ్బై ఒకటి పాయింటు నాలుగు!" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎనభైకి లోబడే ఉందండీ. ఇంకా చోటు మిగిలింది కూడా!"

కమిషనరు గారు నా ముఖంలోకి చూశారు. నేను మామూలుగా నిలబడ్డాను. గుమాస్తా ముఖంలో ఏమీ కనిపించదు, అది మాకు సర్వీసు నేర్పిన విద్య. ఆయన కలం తీసి నిండు సంతకం పెట్టారు. ముద్ర కొట్టాను. దేవమణి ఉత్తర్వు చదువుకుంది, పేరు దగ్గర వేలు పెట్టి మళ్ళీ చదువుకుంది, మడిచి జాకెట్టులో దాచుకుంది. అప్పుడు అక్కడే నిలబడి నాలుగు స్క్రూలూ బిగించింది. నాలుగోది బిగిస్తూ, "కొంచెం వదులుగా ఉంచమంటారా?" అని అడిగింది. వద్దన్నారు.

మర్నాడు పదకొండింటికి మంత్రిగారు ఫోన్ చేశారు. ఫోను ఆరిపోయిన ఆనాడు ఆయన అన్నది "నువ్వు భోజనం చేశావా?" అనట.

ఏడు మెట్ల పద్ధతి అన్ని అర్జీలకూ వర్తింపజేశారు. జూన్ పదిహేనుకల్లా ఎనిమిది వందల మందికీ ఉత్తర్వులు వెళ్ళిపోయాయి. నెలాఖరున రాజధాని నుంచి మెమో వచ్చింది. ఎనభై ఉన్న పురోగతి డెబ్బై ఒకటికి దిగజారడానికి కారణాలు వారం లోపల తెలపాలట, ప్రశంసాపత్రం వెనక్కి పంపాలట. ఏ పనీ కాకుండా ఉన్నప్పుడు మేమే ప్రథములం. పనులన్నీ అయ్యేసరికి సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. కమిషనరు గారు అది చదివి మడిచి సొరుగులో వేశారు. ఫోను తీసి గదిలో చల్లటి మూల చూసి పెట్టుకున్నారు.

ఆ తర్వాత మూడో సర్క్యులరు వచ్చింది. "వేడిమి ఆయుష్షును హరించునని అనుభవపూర్వకముగా తేలినందున, ఇకమీదట కరెంటుకు సంబంధించిన సమస్తమును చల్లని ప్రదేశమున ఉంచవలెను."

ఈసారి నేను జోగారావు గారికి ఏమీ చెప్పలేదు. సాయంత్రానికల్లా ఆయన అర్జీలన్నింటినీ ఏసీ ఉన్న సమావేశ మందిరంలోకి మార్పించాడు. అర్జీదారు లేకుండా అర్జీ సమస్తం ఎలా అవుతుందని ఆయనకే అనుమానం వచ్చి, కుర్చీలు వేయించి వాళ్ళనూ లోపలికి పిలిచాడు. వరండాలో ఎండకు నిలబడి కళ్ళు తిరిగే ముసలివాళ్ళు ఇప్పుడు చల్లగా కూర్చుంటున్నారు. కొందరికి పని లేకపోయినా అర్జీ ఇస్తున్నారు. జోగారావు గారు దేశానికి చేసిన మేలు ఆయనకు తెలియదు. తెలిస్తే ఆపేస్తాడు.

ఆరో మెట్టు నా బాధ్యత. అందుచేత వారానికొకసారి, ఐదింటికి ఫోను "ఇంక చాలు. లేవండి" అనగానే లేచి, పాత మార్కెట్టు గోడ దాకా నడిచి వెళ్తాను. దేవమణి బడ్డీ మీద వేపచెట్టు నీడ పడుతుంది. ఆమె స్టూలు తుడిచి వేస్తుంది. నేను విచారణ పత్రం తీస్తాను.

"అర్జీదారు సంతోషంగా ఉన్నారా?"

ఆమె భూతద్దం లోంచి కళ్ళు ఎత్తకుండానే జవాబు చెబుతుంది.

"ఎనభై శాతం అని రాయండి సార్. నూరు రాస్తే ఫైలు మూసేస్తారు. మళ్ళీ మీరు రారు."

ఎనభై అని రాసి సంతకం పెడతాను. విచారణ ఇంకా నడుస్తూనే ఉంది.